వదులుగా కట్టిన వంతెన

మా అన్నయ్యకి వదులుగా ఉన్నది ఏదైనా కంట్లో నలుసే. ఇంటికొచ్చిన చుట్టం చొక్కాకి గుండీ వేలాడుతూ కనిపిస్తే మాట మధ్యలో లేచి వెళ్ళి సూదీ దారం తెచ్చేవాడు. చొక్కా విప్పే పని కూడా ఉండేది కాదు. "కదలకండి, కాస్త ఊపిరి బిగబట్టండి" అని ఒంటిమీదే కుట్టేసి, దారం పళ్ళతో తెంపి, ఆపిన మాటని ఆపిన చోటి నుంచే అందుకునేవాడు. మంచం నవారు, బట్టలారేసే తీగ, గొడుగు బట్ట, కిటికీ తెర, చేతికి అందిన దేన్నీ వదులుగా బతకనిచ్చేవాడు కాదు. దారిన పోయే లారీల వాళ్ళంతా తనని బిగింపు మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా వదినేనని నా అనుమానం. అడిగితే, "నేను పెడితే ఇంతకంటే మంచి పేరే పెట్టేదాన్ని" అనేది.

అన్నయ్య పోయి ఏడాది దాటింది. కొట్టు ఇప్పుడు వదిన చూసుకుంటోంది. అన్నయ్య గురించి ఎక్కడ మొదలుపెట్టినా నేను వచ్చి ఆగేది కొట్టు ముందున్న ఆ రోడ్డు దగ్గరే.

లారీల మీద కప్పే పట్టాలు కుట్టడం, బస్సు సీట్లకి రెగ్జిన్ తొడగడం తన పని. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన నేనుండే గది. కొట్టుకీ రోడ్డుకీ మధ్య ఒక లారీ నిలబడేంత జాగా. రోడ్డు దాటితే అడవి. మా ఇంటి వెనక తోటలు, తోటల చివర వాగు, వాగు గట్టున మేడి చెట్లు. కొట్లో అడుగుపెడితే ముందు రెగ్జిన్ వాసన, తర్వాత మైనం వాసన. నేలంతా పరిచిన పట్టా, దాని మధ్య బాసింపట్టు వేసుకుని అన్నయ్య. పక్కనే దబ్బనాలు గుచ్చిన స్పాంజి ముక్క, ఇత్తడి రింగుల డబ్బా. మూలనున్న పెద్ద మిషను మోటారు వేస్తే గోడ మీది క్యాలెండరు కూడా వణికేది.

పట్టా కుట్టడం అయ్యాక లారీకి కట్టించి, చుట్టూ తిరిగి చూసి, చివరికి వేలితో ఒక్కసారి మీటేవాడు. ఠంగుమనాలి. అంటే తల ఊపేవాడు. అనకపోతే మళ్ళీ విప్పించేవాడు. వానకి పట్టా మీద నీళ్ళు గుంట కట్టి నిలిచాయంటే కుట్టినవాడు తలెత్తుకు తిరగకూడదని తన లెక్క. గాలికి పటపటా కొట్టుకుందంటే మరీ అవమానం. వదులైతే చప్పుడు, బిగిస్తే నిశ్శబ్దం. పనిలో చేరిన మొదటి రోజుల్లో నేర్చుకున్న ఆ సంగతిని అన్నయ్య ఎన్నడూ అనుమానించి ఎరగడు.

మేం ఆ ఇంటికొచ్చిన కొత్తల్లో రోడ్డు ఇరుగ్గా ఉండేది. రెండు పక్కల చెట్లూ పైన కలుసుకుని, ఎండ చిల్లుల్లోంచి పడేది. కొండముచ్చులు ఆ కొమ్మల మీదే పొద్దున అడవిలోంచి మేడి చెట్లకి వచ్చి, సాయంత్రం తిరిగి పోయేవి. కింద మేమున్నామని వాటికి పట్టింపు లేదు. పైనుంచి ఏ నల్లటి మొహమైనా తొంగి చూస్తే వదిన కొట్టు వైపు తిరిగి, "ఏమండీ, మీ వైపు వాళ్ళొచ్చారు" అనేది. 

"మా చెల్లెలు పైనే ఉందిగా, పలకరిస్తుందిలే" అనేవాడు అన్నయ్య.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. చెట్లు కొట్టేశారు. ఇవతల మా కొట్టు పక్కన ఒక నేరేడు, అవతల గట్టు మీద ఒక పెద్ద మద్ది మిగిలాయి. వాటి మధ్య ఆకాశం తప్ప ఏమీ లేదు. కొండముచ్చులు నేలకి దిగాల్సి వచ్చింది. కొమ్మ మీద అంత ధీమాగా కూర్చునే జంతువు నేల మీద వేరే జంతువులా ఉంటుంది. రోడ్డు అంచున బారుగా కూర్చుని, ఆగి, చూసి, ఉన్నట్టుండి పరుగు. ముందున్నవి దాటాక వెనకవాటికి తోచదు. సగం దాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి.

ఒక పొద్దున కొట్టు ఎదుటే ఒక తల్లి కొండముచ్చు కారు కింద పడింది. కారు ఆగలేదు. పిల్ల తల్లి పొట్టని పట్టుకునే ఉంది, దానికేం కాలేదు. మేం దగ్గరికి వెళ్ళేలోపే చెవి అంచు చిరిగిన ఇంకో ఆడది పరుగున వచ్చి పిల్లని లాక్కుని, ఛాతీకి అదుముకుని గట్టెక్కింది. అన్నయ్య లోపలికి పోయి, కుడుతున్న కొత్త పట్టాలోంచి ముక్క కోసుకొచ్చి చచ్చిపోయిన దాన్ని చుట్టాడు. పాత పట్టా గుట్టలు గుట్టలుగా ఉందని వదినకి తెలుసు. అయినా తోటలో గొయ్యి తవ్వడానికి పార అందించింది.

చెవి చిరిగిన దానికి వదిన చిన్నకోడలు అని పేరు పెట్టింది. గుంపుకి పెద్ద మగదాన్ని అంతకుముందే మామగారు అనేది, ఏ పని చేస్తున్నా పక్కన కూర్చుని నచ్చనట్టు చూస్తుందని.

మర్నాటి నుంచి అన్నయ్య ఎర్ర రెగ్జిన్ ముక్క ఒకటి కర్రకి బిగించి, గుంపు వచ్చే వేళకి రోడ్డు మీద నిలబడటం మొదలుపెట్టాడు. లారీల వాళ్ళకి వేళాకోళం దొరికింది.

"ఏంటి మాస్టారూ, కొండముచ్చులకి కాపలా ఉద్యోగమా?"

"అవును. నీకు పని చెప్పే ఉద్యోగం. బ్రేకు వెయ్యి."

"ఎంతసేపు?"

"మామగారు నడిచినంతసేపు. ఆయనకి తొందర పనికిరాదు."

తెలిసినవాళ్ళు ఆగేవాళ్ళు. తెలియనివాళ్ళు హారను కొట్టేవాళ్ళు, హారనుకి గుంపు చెల్లాచెదురయ్యేది. కొట్లో సీట్లు సగం తొడిగి సగం స్పాంజి బయటపెట్టుకుని పడి ఉండేవి. చివరికి ఒక సాయంత్రం ఎవరో మోటార్ సైకిలు వాడు అన్నయ్య కర్రని తప్పించబోయి అన్నయ్యనే గుద్దేసి పోయాడు. ఎముక విరగలేదు గాని మడమ గుమ్మడికాయంత అయింది. ఆ మడమ మళ్ళీ ఎప్పటికీ పూర్తిగా మునుపటిలా కాలేదు.

వదిన అన్నయ్య కాలికి కట్టు కట్టింది. కట్టు ముడి వేశాక అంది. "మిషనా, రోడ్డా, ఏదో ఒకటి తేల్చుకోండి. రెండు చోట్లా ఉంటానంటే నాకు మీరు ఏ చోటా మిగలరు."

"నేను నిలబడకపోతే అవి మిగలవే."

"అందుకే తేల్చుకోమంటున్నా. నిలబడకుండా ఏం చెయ్యాలో ఆలోచించండి. చేతులకేం దెబ్బ తగల్లేదుగా."

కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లో అన్నయ్య ఎదురుగా పాత సీట్ల నుంచి కోసి తీసిన సీటు బెల్టులు గుట్టగా ఉండేవి. పారేయడానికి మనసొప్పక దాచినవి. నేను టీ తీసుకెళ్ళేసరికి ఒక బెల్టు రెండు కొసలూ పట్టుకుని లాగి చూస్తున్నాడు.

"చెల్లీ, అవి పైన నడిచేవి. పైన కొమ్మలు తీసేసి కింద కాపలా కాయడం ఏంటి? పైనే ఏదైనా వెయ్యాలి."

ఆ మాట పట్టుకుని కుంటుకుంటూ రోడ్ల ఆఫీసుకి వెళ్ళాడు. నన్నూ తోడు తీసుకెళ్ళాడు, పెద్ద మాటలు అవసరమైతే పనికొస్తానని. అక్కడి ఇంజినీరు చిన్నవయసు అమ్మాయి. అన్నయ్య ఏమీ చెప్పకుండా సంచీలోంచి ఒక నమూనా తీసి ఆమె బల్ల మీద పరిచాడు. రెండు పొడుగాటి బెల్టులు, మధ్యలో నిచ్చెన మెట్లలా అడ్డంగా కుట్టిన బెల్టు ముక్కలు.

"ఆ కొస పట్టుకుని లాగండమ్మా."

ఆమె లాగింది.

"గట్టిగా లాగండి, సిగ్గుపడకండి."

బెల్టు సాగలేదు. ఆమె కూర్చున్న కుర్చీయే చక్రాల మీద దొర్లుతూ అన్నయ్య వైపు వచ్చింది. ఆమెకి నవ్వాగలేదు. నా పెద్ద మాటల అవసరం రానేలేదు.

మూడో రోజున వచ్చి చెట్లు చూసింది, రోడ్డు చూసింది, సరేనంది. అయితే ఒక షరతు పెట్టింది. "మాస్టారూ, వానలు మొదలయ్యేలోపు అవి దీని మీద నడవాలి. నడవకపోతే దించేస్తాను. నాకు ఇష్టం లేక కాదు. గాలివానకి తెగి ఎవరి అద్దం మీదో పడితే, ఏ జంతువూ వాడని దాన్ని రోడ్డు మీద ఎందుకు వేలాడదీశావని నన్నే అడుగుతారు. నేనేం చెప్పను?"

"న్యాయమే" అన్నాడు అన్నయ్య.

అప్పటికి ఎండలింకా ముదరలేదు. బోలెడు సమయం ఉందనిపించింది.

ఆ వంతెన కుట్టడం చూడాల్సిందే. ఒక్కో అతుకుకీ మైనం రాసిన దారంతో చుట్టూ చదరం, లోపల అడ్డంగా గుణకారం గుర్తు. అలా బెల్టుకి బెల్టు కలిపి కుట్టుకుంటూ పోతే అది కొట్లో పట్టలేదు. ఒక కొస మిషను కింద, రెండో కొస నడవలోంచి వంటింటి దాకా. వదిన దాన్ని దాటుకుంటూ వంట చేసేది. "ఊరికి అడ్డంగా రోడ్డేసినవాళ్ళు చాలలేదు, నా వంటింట్లో కూడా వేశారు" అని గొణిగేది గాని, మిషను మీద బరువు పడకుండా రెండో కొస పట్టుకుని నడిచింది తనే.

కట్టింది లైన్‌మన్. మా వీధి చివర ఉంటాడు, ఏ చుట్టరికమూ లేకపోయినా అన్నయ్యని బావా అని పిలిచేవాడు. నేరేడుకి ఒక కొస, మద్దికి ఒక కొస కట్టి, కరెంటు తీగలు లాగే పనిముట్టుతో బిగించాడు. అన్నయ్య కింద నిలబడి, "ఇంకా" అన్నాడు. కాసేపాగి, "ఇంకా" అన్నాడు.

"బావా, చెట్టు పెళ్ళగించాలా?"

"ఇంకొక్క పట్టు."

అయ్యాక పొడుగాటి వెదురు కర్ర తెప్పించి, కొసతో వంతెనని మీటాడు. ఠంగుమంది. అన్నయ్య తల ఊపాడు. రోడ్డు మీద అడ్డంగా స్కేలు పెట్టి గీత గీసినట్టుంది. లారీలు ఆపి మరీ చూశారు. తను కుట్టిన వాటన్నింటిలో అంత అందంగా వచ్చింది మరొకటి లేదని ఆ సాయంత్రం తనే ఒప్పుకున్నాడు.

కొండముచ్చులు మాత్రం దాని మొహం చూడలేదు. 

చూడలేదనడం సరికాదు. మద్ది చెట్టెక్కి వంతెన మొదట్లో కూర్చునేవి. మామగారు చెయ్యి చాపి తాకి, వెనక్కి తీసుకుని, అరిచెయ్యి వాసన చూసుకునేవాడు. తర్వాత అంతా బారుగా కిందికి దిగి, ఎప్పటిలాగే రోడ్డు అంచున కూర్చునేవి. అన్నయ్యకి మడమ పనిచెయ్యక ఎర్రజెండా వదిన పట్టుకుంది. తను అన్నయ్యలా బతిమాలేది కాదు, డ్రైవర్ల కళ్ళలోకి చూసేది. ఎవరూ హారను కొట్టేవాళ్ళు కాదు.

"కొత్త వాసన అనుకుంటా" అన్నాడు అన్నయ్య. వాగు బురద తెచ్చి, లైన్‌మన్ చేత వంతెనంతా పూయించాడు. ఆకులు కట్టించాడు. మేడి పళ్ళు గుత్తులుగా వేలాడదీయించాడు. పళ్ళని కాకులు తిన్నాయి. ఎండలు ముదిరాయి.

అప్పుడే వదిన, పెరట్లో బట్టలారేసి వచ్చి, ఆ మాట చెప్పింది.

"ఏమండీ, మీ వంతెన మూలుగుతోంది."

"వంతెనలు మూలగవే."

"లారీ కింద నుంచి పోయినప్పుడల్లా జుయ్యిమంటోంది. పళ్ళు జివ్వుమంటున్నాయి నాకు."

అన్నయ్యకి వినపడలేదు. ఏళ్ళ తరబడి చెవి పక్కన తిరిగిన మోటారు సన్నటి చప్పుళ్ళన్నింటినీ ఎప్పుడో మింగేసింది. అయినా వదిన చెవుల్ని నమ్మాడు. చప్పుడంటే తనకి ఒకటే అర్థం. "ఎక్కడో వదులైంది" అని లైన్‌మన్‌ని పిలిపించి ఇంకాస్త బిగింపించాడు.

మర్నాడు వదిన అంది. "ఇప్పుడు మూలగడం లేదు."

"చెప్పానా?"

"ఈల వేస్తోంది."

మళ్ళీ బిగింపించాడు. ఈల ఇంకా సన్నబడింది. పై గదిలో చదువుకుంటుంటే నాకు కూడా వినపడేది, చెవిలో దోమ దూరినట్టు. కొండముచ్చులు ఇప్పుడు మద్ది చెట్టు ఎక్కడం కూడా మానేశాయి. చిన్నకోడలు ఒక్కతే పెంపుడు పిల్లని పొట్టకి కరిపించుకుని అప్పుడప్పుడూ వచ్చి, ఆ కొస దగ్గర కూర్చుని ఇటు చూసేది. పడమటి వైపు ఆకాశం సాయంత్రాలు నల్లబడటం మొదలైంది. అన్నయ్య మిషను మీద కూర్చునే ఆకాశం వంక చూసేవాడు. అన్నం సరిగ్గా తినేవాడు కాదు. దించేస్తే ఏమవుతుందో తనకి తెలుసు. ఈ కాలితో తను రోడ్డు మీద నిలబడలేడు. వదినని కలకాలం నిలబెట్టలేడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగిపోయి అన్నయ్య గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను మెట్ల మీద ఉన్నాను. అవతల మద్ది మీద చిన్నకోడలు ఒక చెయ్యి వంతెన మీద ఆనించి కూర్చుని ఉంది. అప్పుడే ఒక లారీ పోయింది. నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కుని, అరిచెయ్యి తిప్పి చూసుకుంది.

అన్నయ్య తన అరిచెయ్యి చూసుకున్నాడు.

"నిచ్చెన తెప్పించు" అన్నాడు నాతో.

"ఆ కాలితోనా?" లోపలి నుంచి వదిన.

"చెయ్యితోనే పని. కాలు ఊరికే తోడొస్తుంది."

లైన్‌మన్ నిచ్చెన నేరేడుకి ఆనించి పట్టుకున్నాడు. వదిన ఇంకో పక్క పట్టుకుంది, తిట్టుకుంటూనే. అన్నయ్య ఎక్కి, అరిచెయ్యి వంతెన మీద పెట్టి లారీ కోసం ఎదురు చూశాడు. ఒకటి పోయింది. చెయ్యి తియ్యలేదు. ఇంకోటి పోయింది, బస్సొకటి పోయింది. దిగమని వదిన రెండుసార్లు అంది. దిగాక నేల మీద చతికిలబడి, చెయ్యి పంట్లాముకి రుద్దుకున్నాడు.

"కందిరీగల పట్టు మీద చెయ్యి పెట్టినట్టుందే. దాని మీద పిల్లని పెట్టుకుని ఎవరు నడుస్తారు?"

పైనున్న వంతెన వంక చూశాడు.

"ఎంత బిగిస్తే అంత ఎక్కువ వణుకుతోంది. నేనే బిగించాను." లైన్‌మన్ వైపు తిరిగాడు. "వదులు చెయ్యరా."

"ఎంత బావా?"

అన్నయ్య చేత్తో గాలిలో ఒక వంపు గీశాడు. "ఉయ్యాలంత."

లైన్‌మన్ తల గోక్కున్నాడు. "మా కరెంటు తీగలెప్పుడూ వదులుగానే కడతాం. ఇంత బిగువు దేనికా అని నాకు మొదటి రోజే అనిపించింది."

"మరి చెప్పి చావొచ్చుగా?"

"బిగింపు మాస్టారికి నేను చెప్పడం ఏంటి బావా, బావుండదు."

వదిన అంతసేపటికి నవ్వింది. నవ్వుతూ నిచ్చెన పట్టు వదిలేసింది, అది కాస్తా లైన్‌మన్ భుజం మీద పడింది.

వదులు చెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. వంతెన నడుము కిందికి జారితే లారీల మీది సరుకుకి తగులుతుంది. అందుకని రెండు కొసలూ పై కొమ్మలకి ఎక్కించాలి. ఎక్కిస్తే పొడుగు చాలదు. దించి, ఇంకో బెల్టు జత కుట్టి కలిపాడు. మళ్ళీ వంటింటి దాకా పాకింది. నున్నగా పరుచుకున్న బెల్టుని గాలి వాయిస్తుందని, రెండు బెల్టుల్నీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక్కో మెలిక తిప్పి కుట్టాడు. అలా మెలికలు పెట్టి కుట్టడం తన పనిలో తప్పు. కుడుతున్నంతసేపూ పులుపు తిన్న మొహం పెట్టుకునే ఉన్నాడు.

కట్టిన రోజున లారీల వాళ్ళు మళ్ళీ ఆపి చూశారు.

"మాస్టారూ, పంచె ఆరేశారా?"

"ఎవరు కట్టారో గాని, మీ దగ్గర నేర్చుకోలేదల్లే ఉందే."

"నేనే కట్టాను" అన్నాడు అన్నయ్య, చెవులు ఎర్రబడ్డాయి.

పట్టా కుట్టడానికిచ్చిన ఒకతను కొట్టు గుమ్మంలో నిలబడి, "నాది కూడా ఇలాగే కుడతావా ఏంటి?" అనడిగాడు.

"నువ్వు దాని మీద పిల్లనెత్తుకుని నడుస్తానంటే అలాగే కుడతా. సరుకు కప్పుకుంటానంటే వేరే."

ఆ పై వారమే మొదటి వాన పడింది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి వెలిసింది. ఇంజినీరమ్మ జీపు వచ్చి ఆగింది. వెనక నిచ్చెన, ఇద్దరు పనివాళ్ళు. ఆమె దిగి అన్నయ్య మొహం చూడలేక వంతెన వైపు చూసింది.

"నడిచాయా మాస్టారూ?"

"లేదమ్మా. వదులు చేసి నాలుగు రోజులే అయింది. మద్ది ఎక్కుతున్నాయి. కూర్చుంటున్నాయి. చెయ్యి తియ్యడం లేదు."

"నేను ముందే చెప్పాను కదా."

"చెప్పారు. న్యాయమే." 

పనివాళ్ళు నిచ్చెన దించుతున్నారు. వదిన టీ తెచ్చి ఆమెకి గ్లాసు అందిస్తూ చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది. వంతెన మీద, సరిగ్గా రోడ్డు నడుమ, ఒక ఉడత. ఆగి, తోక ఊపి, మెట్టు మెట్టూ దూకుతూ నేరేడులోకి పోయింది.

"ఉడత" అంది ఇంజినీరమ్మ.

"అవునమ్మా, ఉడతే" అంది వదిన. "అడవిలోంచే వచ్చింది. దాన్ని జంతువు కాదంటే ఊరుకోదు."

ఆమె టీ తాగింది. ఒకసారి ఆకాశం వంక, ఒకసారి ముడుల వంక చూసింది. పనివాడిని పైకి పంపి, రెండు కొసలూ లాగించి చూసుకుంది. "ఉడత పేరు చెప్పి ఒక వారం ఇస్తున్నాను" అంది. "దాని తర్వాత ఇంకెవరైనా రావాలి." నిచ్చెన మళ్ళీ జీపెక్కింది.

ఆ వారంలో అన్నయ్య గుమ్మం వైపు చూడకుండా పని చేశాడు. చూస్తే రావనుకున్నాడో ఏమో. బస్సు సీట్లు వరసగా తొడుగుతూ పోయాడు. సెలవు రోజు పొద్దున నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. చిన్నకోడలు మద్ది కొమ్మ చివరికి వచ్చింది. చెయ్యి ఆనించింది. రెండో చెయ్యి ఆనించింది. పిల్ల పొట్టకి కరుచుకుని ఉంది. మొదటి మెట్టు మీదికి వచ్చాక నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, కొట్లోకి వెళ్ళి, అన్నయ్య భుజం తట్టాను. మోటారు ఆపాడు. గుమ్మంలోకి వచ్చాడు.

చిన్నకోడలు రోడ్డు నడుమకి వచ్చేసరికి కింద నుంచి లారీ పోయింది. వంతెన పక్కకి ఊగింది, ఊగి నెమ్మదించింది. చిన్నకోడలు మెట్టు పట్టుకుని ఆగింది, ఊగడం తగ్గేదాకా ఊరుకుంది, మళ్ళీ నడిచింది. నేరేడు కొమ్మ అందుకున్నాక వెనక్కి తిరిగి, గొంతులోంచి చిన్న చప్పుడు చేసింది. మద్ది మీద ఆకులన్నీ కదిలాయి.

ఆ వంతెన అక్కడే ఉంది. ఇంజినీరమ్మ తర్వాత ఇంకో మూడు చోట్ల కట్టించింది, అన్నీ అన్నయ్య కుట్టినవే, అన్నీ నడుము జారినవే. చివరి రోజుల్లో కూర్చోలేనప్పుడు మంచం మీద పడుకునే, వదిన ఎండకి పాడైన బెల్టులు మార్చి కుడుతుంటే మెలికలు ఎటు తిప్పాలో వేలితో చూపించేవాడు. లారీ పట్టాలు మాత్రం కడదాకా ఠంగుమంటూనే ఉన్నాయి. 

తన గురించి తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఆ పొద్దున గుమ్మంలో, మెడలో టేపు వేసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని పైకి చూస్తూ నిలబడ్డ మనిషి. ఒకటి వెనక ఒకటి దాటుతున్నాయి. మామగారు కూడా, నచ్చని మొహంతోనే, మెట్టు మెట్టూ నొక్కి చూసుకుంటూ దాటాడు. వదిన తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి అన్నయ్య పక్కన నిలబడింది. చాలాసేపు తనూ పైకే చూసింది.

"ఇంజినీరమ్మకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి."

"మరి లోపలికి రండి. టీ చల్లారిపోతోంది."

అన్నయ్య కదల్లేదు. అవతల మద్ది కొమ్మ మీద ఇంకా ఏవో తోకలు వేలాడుతున్నాయి.

"ఉండవే. అటు ఇంకా ఇద్దరున్నారు" అన్నాడు. "వాళ్ళనీ రానీ."